రెయిన్‌డీర్ మందల కుక్క మా ఇంట్లో ఇముడుతుందా?

ప్రశ్న: మేము ఫిన్లండ్‌లోని ఎస్పో నగరంలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. పోయిన చలికాలం ఉత్తరాన లాప్‌లాండ్ ప్రాంతంలోని రొవనియెమి వెళ్లినప్పుడు ఒక రెయిన్‌డీర్ (మంచుప్రాంతపు జింకల) ఫారంలో చూసిన ఫినిష్ లాప్‌హుండ్ కుక్క పిల్లలకు ఎంతగానో నచ్చి, అలాంటిదే కావాలని పట్టుబడుతున్నారు. మా ఇద్దరివీ ఉద్యోగాలే; వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచి పని చేసుకునే వీలుంది. నా భార్యను చిన్నతనంలో వీధికుక్క కరిచింది, ఆ భయం ఇంకా పోలేదు. మందలు తోలే కుక్క ఫ్లాట్‌లో ఉండగలదా? పిల్లలను తరుముతుందా? ఏటా వేసవిలో నెలరోజులు ఇండియాకు వెళ్తాము, అప్పుడేం చేయాలి? మూడు నాలుగేళ్లలో హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోయే ఆలోచన కూడా ఉంది. దాన్ని వెంట తీసుకెళ్లవచ్చా?

సమాధానం: మీ మొదటి రెండు ప్రశ్నలకు ఊరట కలిగించే సమాధానమే చెప్పగలను. చివరి ప్రశ్నకు మాత్రం అలా చెప్పలేను. మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసిన హైదరాబాద్ సంగతే ఈ మొత్తం నిర్ణయానికి కీలకమని నా అభిప్రాయం. అయితే ఆ మాట ఎందుకంటున్నానో మీకు అర్థం కావాలంటే ముందు ఈ కుక్క స్వభావం తెలియాలి, ఆ స్వభావం ఎలాంటి పనిలోంచి వచ్చిందో కూడా తెలియాలి.

నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌ల ఉత్తర భాగాలలోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ నివసించే సామీ ప్రజలు కొన్ని వందల ఏళ్లుగా ఈ తరహా కుక్కలను పెంచుతూ వచ్చారు. చెదిరిపోయిన రెయిన్‌డీర్లను కూడగట్టడం, మందను ఒక దిక్కుకు నడిపించడం, తోడేలో ఎలుగుబంటో వస్తే అరిచి చెప్పడం వాటి పని. పని ముగిశాక అవి మనుషులతో పాటే గుడారంలో పడుకునేవి, పిల్లల మధ్యే తిరిగేవి. 1944-45లో లాప్‌లాండ్ యుద్ధంలో ఆ ప్రాంతం చాలావరకు తగలబడిపోయింది. యుద్ధకాలపు నష్టానికి డిస్టెంపర్ వ్యాధి కూడా తోడై ఈ కుక్కలు బాగా తగ్గిపోయాయి. కుక్కల జాతులను నమోదు చేసే ఫిన్లండ్ కెనెల్ క్లబ్బు 1945లో మొదటి జాతి ప్రమాణాన్ని రాయించింది. ఆ తర్వాత పొట్టిబొచ్చు కుక్కలను లాపోనియన్ హెర్డర్ అనే వేరే జాతిగా విడదీశారు. పొడుగుబొచ్చు కుక్క పేరు 1967లో లాప్‌హుండ్‌గా, 1993లో ఫినిష్ లాప్‌హుండ్‌గా మారింది. స్వీడిష్ లాప్‌హుండ్ ఇంకొక జాతి. ఈ మూడింటి పేర్లూ దగ్గరగా ఉంటాయి కాబట్టి ప్రకటనలు చూసేటప్పుడు తికమక పడవద్దు. లాపోనియన్ హెర్డర్‌కు పని దాహం ఎక్కువ, చిన్నపిల్లలున్న ఫ్లాట్‌కు దాన్ని నేను సూచించను.

1960లలో మంచుమీద నడిచే స్నోమొబైల్ వాహనాలు వచ్చాక మందల వెంట రోజంతా పరుగెత్తే కుక్కల అవసరం తగ్గింది. పొడుగుబొచ్చు కుక్కలు క్రమంగా దక్షిణాది నగరాల ఇళ్లలోకి వచ్చాయి. ఈనాడు ఫిన్లండ్‌లో ఏటా నమోదయ్యే కుక్కల జాతులలో ఇది ముందు వరుసలో ఉంటుంది; వాటిలో అత్యధికం రెయిన్‌డీర్‌ను ఎన్నడూ చూడని ఇంటి కుక్కలే. కాబట్టి ‘మందల కుక్క ఫ్లాట్‌లో ఉండగలదా’ అన్న ప్రశ్నకు ఎస్పో, హెల్సింకి, తాంపెరె అపార్ట్‌మెంట్లలో హాయిగా ఉంటున్న లాప్‌హుండ్లే జవాబు. మగకుక్క సుమారు 49 సెంటీమీటర్లు, ఆడకుక్క సుమారు 44 సెంటీమీటర్లు ఎత్తు ఉండడం ప్రమాణం. బరువు 15 నుంచి 24 కిలోల మధ్య ఉంటుంది. ఆ గుబురు బొచ్చు వల్ల కంటికి పెద్దగా కనిపిస్తుంది గాని, ఇంట్లో అది ఆక్రమించే చోటు తక్కువే. పెద్దయ్యాక రోజుకు గంటన్నర, రెండు గంటల నడక, కాస్త బుద్ధికి పని దొరికితే మిగిలిన సమయమంతా గుమ్మం దగ్గరి చల్లటి నేలమీద పడుకునే కుక్క ఇది. సోఫా కన్నా బాల్కనీ తలుపు పక్కన చలిగాలి తగిలే జాగానే దానికి ఇష్టం.

ఫ్లాట్‌లో అసలు చిక్కు చోటుతో రాదు, గొంతుతో వస్తుంది. బార్డర్ కోలీ గొర్రెలను కళ్లతో గుచ్చి చూస్తూ నిశ్శబ్దంగా కదిలిస్తుంది. లాప్‌హుండ్ అలా కాదు, మందకు పక్కగా పరుగెత్తుతూ మొరిగి కదిలిస్తుంది. ఎక్కడ మొరగాలో, ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయించుకుంటుంది. తరతరాలుగా మొరిగే కుక్కనే కాపరులు మంచి కుక్కగా ఎంచి పెంచారు. అందుచేత లిఫ్టు తలుపు చప్పుడైనా, పక్కింటివారి తాళంచెవుల గలగల వినిపించినా, కింద పార్కులో పిల్లలు పరుగెత్తినా అది నోరు చేసుకోవడం సహజం. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసు దాకా ఈ మొరుగుడు ఎక్కువగా ఉంటుంది. మీరు అద్దెకుంటున్నారు కాబట్టి ముందుగా అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువులపై నిషేధం ఉందేమో చూసుకోండి, ఆ తర్వాత మీ భవనపు హౌసింగ్ కంపెనీ నియమాలలో నిశ్శబ్ద వేళలేమిటో చదవండి.

మొరగడాన్ని పూర్తిగా మాన్పించాలని ప్రయత్నించకండి, అది నెగ్గే పని కాదు. పిలిస్తే ఆపేలా చేయడం మాత్రం తప్పక సాధ్యమే. తలుపు దగ్గర రెండుసార్లు మొరిగితే, కోపం లేకుండా దగ్గరకు వెళ్లి, మీరు కూడా విన్నారన్నట్టు ఒకసారి తలుపువైపు చూసి, దాన్ని దాని పరుపు మీదికి పిలిచి, నోరు మూసిన క్షణంలో చిన్న తిండి ముక్క ఇవ్వండి. ఈ పని ఇంట్లో నలుగురూ ఒకే మాటతో, ఒకే తీరుగా చేయాలి. మీలో ఒకరు గట్టిగా కసిరితే అది మీరు కూడా తనతో కలిసి మొరుగుతున్నారనే అనుకుంటుంది. విద్యుత్ షాక్ ఇచ్చే మొరుగుడు కాలర్లు ఫిన్లండ్‌లో నిషిద్ధం, ఎక్కడైనా అమ్మకానికి కనబడినా కొనకండి. మీరు లేనప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఒక పాత ఫోన్‌ను హాల్లో పెట్టి శబ్దం రికార్డు చేయండి. పొరుగువారి ఫిర్యాదు కాగితం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కుక్కను తెచ్చిన వారంలోనే వాళ్ల తలుపు తట్టి, కొత్తగా కుక్కపిల్ల వచ్చిందని, ఇబ్బందిగా ఉంటే నేరుగా మీకే చెప్పమని అడిగితే సగం తగవులు మొదలే కావు.

ఒంటరితనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కాపరి పక్కనే రోజంతా ఉండడానికి అలవాటుపడిన వంశం కాబట్టి ఇది మనుషుల తోడు బాగా కోరుకుంటుంది. ఎనిమిది వారాల పిల్లను తెచ్చి, మూడోరోజు ఇంట్లో వదిలి ఇద్దరూ ఆఫీసుకు వెళ్తే, మీకు దొరికేది రోజంతా ఏడ్చే కుక్కే. మొదటి మూడు నాలుగు వారాలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా సెలవులు సర్దుకోండి. ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట అంటూ ఒంటరిగా ఉంచే సమయాన్ని నెలల తరబడి మెల్లగా పెంచండి. మీరిద్దరూ వేర్వేరు రోజుల్లో ఇంటి నుంచి పని చేసేలా ఏర్పాటు చేసుకోగలిగితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ధైర్యం కలిగించిన విషయం అదే.

ఇక పిల్లలు. ఈ జాతి మనుషులతో మెత్తగా ఉంటుంది. కొత్తవారిని చూసి మీదపడే రకం కాదు, కాపలా అంటే అరిచి చెప్పడం వరకే. మీ బాబు హాల్లో పరుగెత్తితే అది పక్కనే పరుగెత్తి మొరగవచ్చు, దారికి అడ్డం రావచ్చు. అరుదుగా మడమ దగ్గర నోరు తాకించే పిల్లకుక్కలూ ఉంటాయి. పరుగు ఆగితే ఆట ఆగుతుందని ఇద్దరికీ, అంటే బాబుకూ కుక్కకూ, నేర్పండి. అయిదేళ్ల పిల్లవాడిని ఎంత మంచి కుక్కతోనైనా ఒంటరిగా వదలకూడదు. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదన్నది ఇంటి నియమంగా ఉండాలి. కుక్క తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడడం ‘ఇక చాలు’ అనడానికి గుర్తులు. వీటిని మీ పాప మీకన్నా త్వరగా పట్టుకోగలదు. తొమ్మిదేళ్ల వయసు అందుకు చాలా మంచి వయసు.

ఈ కుక్కలో మరో లక్షణం కొత్తవారిని కంగారు పెడుతుంది. వెనుక ఏదైనా గిన్నె కింద పడితే అది ఒక్క గెంతులో పక్కకు దూకుతుంది, మరుక్షణం ఏమీ కానట్టు వచ్చి ఆ గిన్నెను వాసన చూస్తుంది. పిరికితనం వల్ల అలా చేస్తుందనుకోవద్దు. కొమ్ములు విసిరే, గిట్టలతో తన్నే రెయిన్‌డీర్ల మధ్య బతకాలంటే ముందు తప్పుకోవాలి, తర్వాతే చూడాలి. అలా తప్పుకోగలిగిన కుక్కలే మిగిలాయి. అయితే ఉలిక్కిపడ్డాక తేరుకోని పిల్లను మాత్రం ఎంచుకోవద్దు. బ్రీడర్ (కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవారు) ఇంటికి వెళ్లినప్పుడు మీ తాళాల గుత్తిని కాస్త దూరంలో నేలమీద పడేసి చూడండి. దూకి, ఆగి, వాసన చూడడానికి వచ్చే పిల్ల ఆరోగ్యమైన పిల్ల. మూలకు వెళ్లి అక్కడే ఉండిపోయే పిల్లను పెంచడానికి అనుభవం కావాలి.

మీ శ్రీమతి భయాన్ని తేలికగా తీసుకోవద్దని ప్రత్యేకంగా మనవి. వీధికుక్క కరిచి, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న తరం మనలో చాలామంది ఉన్నారు. ఆ జ్ఞాపకం మాటలతో పోదు. ఫిన్లండ్ 1991 నుంచి రేబిస్ లేని దేశంగా గుర్తింపు పొందిందన్న సంగతి ఆమెకు చెప్పండి, కొంత నిబ్బరం కలుగుతుంది. కానీ కుక్కపిల్లను ఇంటికి తెచ్చి ఆమె అలవాటు పడుతుందని ఎదురుచూడడం ఆమెకూ కుక్కకూ అన్యాయమే. ముందుగా ఒక పెద్ద లాప్‌హుండ్ ఉన్న ఇంటికి కొన్నిసార్లు వెళ్లండి. మొదటిసారి ఆమె కూర్చున్న చోటికి కుక్కను రానివ్వకుండా, దూరాన పట్టీతో ఉంచమని అడగండి. దాన్ని ముట్టుకోమని ఎవరూ ఆమెను బలవంతపెట్టవద్దు, ముఖ్యంగా పిల్లలు. పక్కన నడవడం, తర్వాత పట్టీ తానే పట్టుకోవడం, ఆ తర్వాత నేలమీద పెట్టిన తిండి ముక్కను అది తినడం చూడడం, ఇలా ఆమె ఎంచుకున్న వేగంతో జరగాలి. ఆరు నెలలు పట్టినా పట్టనివ్వండి. ఆమె నోటివెంట ‘సరే’ అన్న మాట మనస్ఫూర్తిగా రాకపోతే కుక్క వద్దు. రోజూ దానితో పాటు అదే హాల్లో ఉండవలసిన మనిషి ఆమె.

బొచ్చు విషయం చూసి చాలామంది భయపడతారు, కానీ అది అనుకున్నంత కష్టం కాదు. పైన గరుకుగా, నీటిని జార్చేసే పొడుగు బొచ్చు, అడుగున దట్టమైన మెత్తని ఊలు. ఈ రెండు పొరలే దానికి మంచులో కంబళి. మామూలు రోజుల్లో వారానికోసారి దువ్వితే చాలు. ఊలు రాలే కాలం వచ్చిందంటే మాత్రం రెండు మూడు వారాల పాటు రోజూ దువ్వాలి, గుప్పెళ్లకొద్దీ వస్తుంది, నల్లబట్టలు వేసుకోవడం కష్టమే. వేసవిలో ఎండగా ఉందని గొరిగించవద్దు; ఆ పొరలే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడతాయి, గొరిగితే అవి మళ్లీ సరిగా పెరగకపోవచ్చు కూడా. చెవుల వెనుక, తొడల వెనుక బొచ్చు ముడిపడకుండా వేళ్లతో తడిమి చూస్తుండండి. వసంతం నుంచి శరత్తు దాకా ప్రతి నడక తర్వాత ఇలా తడమడం ఇంకొక కారణానికీ అవసరం: ఎస్పో తీరప్రాంతంలో పిడుదులు ఎక్కువ, ఈ ఊలులో అవి కంటికి కనబడవు. పిడుదుల మందు ఏది వాడాలో పశువైద్యుడిని అడిగి ఏటా తప్పక వాడండి.

చలికి దానికేమీ కాదు, మీకే అవుతుంది. డిసెంబరులో ఎస్పోలో పగటి వెలుతురు సుమారు ఆరు గంటలే. పొద్దున్నా సాయంత్రమూ చీకట్లోనే నడవాలి, మీకూ దానికీ మెరిసే చొక్కాలు ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా కాలిబాటలన్నీ మంచుగడ్డ కట్టి ఉన్నప్పుడు ఇరవై కిలోల కుక్క ఉడుతను చూసి ఒక్కసారి లాగితే పెద్దవాళ్లే పడిపోతారు; అడుగున మేకులున్న బూట్లు కొనుక్కోండి, ఆ నెలల్లో పట్టీని పాప చేతికి ఒంటరిగా ఇవ్వకండి. బాటమీద చల్లే కంకర, ఉప్పు పాదాల మధ్య ఇరుక్కుంటాయి కాబట్టి ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో కడగండి. శని, ఆదివారాల్లో నూక్సియో జాతీయ ఉద్యానవనం మీకు దగ్గరే, అక్కడ కుక్కకు పట్టీ తప్పనిసరి. ఫిన్లండ్ వేట చట్టం ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 19 దాకా ఎక్కడైనా కుక్కను పట్టీతో గాని, తక్షణమే పట్టీ వేయగలిగేంత దగ్గరలో గాని ఉంచాలి. మిగతా కాలంలోనూ ఇతరుల భూమిలో విడిచిపెట్టాలంటే యజమాని అనుమతి కావాలి. మళ్లీ లాప్‌లాండ్ వెళ్లినప్పుడు కుక్కను వెంట తీసుకెళ్తే ఒక్క క్షణం కూడా వదలకండి. నేర్పని లాప్‌హుండ్ రెయిన్‌డీర్లను చూస్తే వెంటపడుతుంది. చలికాలంలో కడుపుతో ఉన్న రెయిన్‌డీర్‌ను పరుగెత్తిస్తే అది ప్రాణం మీదికి వస్తుంది, ఆ కాపరి కుటుంబానికి నష్టం కలుగుతుంది.

తిండి దగ్గర మన ఇళ్లకు ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను నాశనం చేస్తాయి. వండినా ఆ గుణం పోదు. అంటే మన పప్పు, సాంబారు, కూర, పులుసు ఏవీ దాని గిన్నెలో పడకూడదు. కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి పండగనాటి పాయసం, చక్రపొంగలి కూడా వద్దు. ఉప్పు వేయని పెరుగన్నం రెండు ముద్దలు పెడితే తప్పులేదు. వీటన్నిటి కన్నా పెద్ద ప్రమాదం మీ పిల్లల స్కూలు సంచుల్లోనే ఉండవచ్చు. ఫిన్లండ్‌లో భోజనం తర్వాత పళ్ల కోసం పిల్లలకు జైలిటాల్ బిళ్లలు ఇవ్వడం రివాజు. ఆ జైలిటాల్ కుక్కకు విషం. కొద్ది బిళ్లలు తిన్నా అరగంటలో రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, కాలేయం దెబ్బతినవచ్చు. సంచులు, కోటు జేబులు కుక్కకు అందని ఎత్తులో వేలాడదీయాలి. తిన్నదని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఆగకుండా వెంటనే పశువైద్య అత్యవసర విభాగానికి ఫోన్ చేయాలి.

కుక్కపిల్లను ఎక్కడ తెచ్చుకోవాలన్నది మీరు అడగలేదు గాని, చెప్పకుండా ఉండలేను. ఈ జాతిలో కొన్ని వంశపారంపర్య జబ్బులున్నాయి: తుంటి కీలు, మోచేతి కీలు సరిగా అమరకపోవడం, కంటిలో శుక్లం, చూపు క్రమంగా పోగొట్టే రెటీనా క్షీణత, కండరాలను బలహీనపరిచే పోంపె వ్యాధి. చివరి రెండింటికీ జన్యుపరీక్షలు ఉన్నాయి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బు బయటపడుతుంది కాబట్టి, తల్లిదండ్రులలో ఒకటైనా ఆ లోపం లేనిదని పరీక్షలో తేలితే పిల్లలకు ఆ జబ్బు రాదు. తుంటికి ఏ (A) నుంచి ఈ (E) వరకు శ్రేణులిస్తారు. ఏ, బీ శ్రేణుల తల్లిదండ్రులను కోరుకోండి. ఇవన్నీ బ్రీడర్ మాట మీద నమ్మనక్కరలేదు. ఫిన్లండ్ కెనెల్ క్లబ్బు నడిపే సమాచార నిధిలో ఏ నమోదైన కుక్క పేరు కొట్టినా దాని తుంటి, కంటి ఫలితాలు, తోబుట్టువుల ఫలితాలు, రక్తసంబంధపు దగ్గరితనం అన్నీ ఉచితంగా చూడవచ్చు. ఇంత పారదర్శకత ఉన్న దేశంలో ఉంటూ, ఇంటర్నెట్ ప్రకటనలో చవకగా దొరికిందని కాగితాలు లేని పిల్లను కొనడం తగదు. మంచి పిల్ల ధర వెయ్యి యూరోల పైమాటే, కొన్ని నెలలు వేచి ఉండవలసి కూడా రావచ్చు. 2023 జనవరి 1 నుంచి చిప్ వేయించి ప్రభుత్వ కుక్కల రిజిస్టర్‌లో నమోదు చేయించడం చట్టరీత్యా తప్పనిసరి; బ్రీడర్ మీకు అప్పగించేటప్పటికే ఇది జరిగి ఉండాలి. బీమా మాత్రం మొదటి వారంలోనే తీసుకోండి, జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ఆ జబ్బుకు వర్తించదు.

వేసవి ప్రయాణాల సంగతికి వస్తాను. నెల రోజుల సెలవుకు కుక్కను ఇండియాకు తీసుకెళ్లడం గురించి ఆలోచించనే వద్దు. విమానపు శ్రమ ఒకటి. జూన్ వేడి మరొకటి. తిరుగు ప్రయాణంలో, ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం ఇండియా నుంచి వచ్చే కుక్కకు రేబిస్ టీకాతో పాటు రక్తంలో దాని ప్రతిరోధకాల పరీక్ష కూడా ఉండాలి, ఆ పరీక్ష ఐరోపా వదలకముందే చేయించి ఉండకపోతే మూడు నెలల పాటు తిరిగి రానివ్వరు. మంచి మార్గం మీ బ్రీడరే. చాలామంది బ్రీడర్లు తమ ఇంట పుట్టిన కుక్కను సెలవుల్లో అట్టిపెట్టుకోవడానికి ఇష్టపడతారు. కొనే ముందే ఈ సంగతి అడిగి మాట తీసుకోండి. లేదా కుక్కల వసతి గృహం చూసుకోవాలి, అది నెలకు గణనీయమైన ఖర్చే. కుక్కపిల్ల వచ్చిన మొదటి వేసవిలో మాత్రం మీరు ఇండియా ప్రయాణం మానుకోవాలి. నాలుగు నెలల పిల్లను నెలరోజులు పరాయి ఇంట్లో వదిలితే అప్పటిదాకా నేర్పిందంతా మళ్లీ మొదటికి వస్తుంది.

హైదరాబాద్‌కు తిరిగి వెళ్లడం ఖాయమైతే ఈ కుక్కపిల్లను కొనవద్దని మీకు స్పష్టంగా చెబుతున్నాను. ఈ జాతి ఆయుష్షు పన్నెండు నుంచి పద్నాలుగేళ్లు. మీరు వెళ్లేనాటికి అది నడివయసుకు కూడా రాదు. నివాసం మార్చుకునే వారికి పెంపుడు కుక్కను తెచ్చుకునే అవకాశాన్ని భారత ప్రభుత్వం ఇస్తోంది, జంతు క్వారంటైన్ విభాగం నుంచి ముందుగా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. కాబట్టి కాగితాల పరంగా అది సాధ్యమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, రాత్రిపూట కూడా చల్లబడని గాలిలో, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన హాయిగా నిద్రపోయేందుకు తయారైన ఆ రెండు పొరల ఊలుతో అది ఎలా బతుకుతుంది? ఏసీ గదిలో ఉంచుతామంటారు. కరెంటు పోయిన మధ్యాహ్నం సంగతి, తెల్లవారి అయిదింటికి తప్ప బయటికి వెళ్లలేని నాలుగు నెలల సంగతి కూడా ఆలోచించండి. హైదరాబాద్ ఫ్లాట్లలో రొప్పుతూ గచ్చుకు కడుపు ఆనించి పడుకున్న హస్కీలను చూసిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది. పైగా పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మన దగ్గర ఎక్కువ, దట్టమైన బొచ్చులో పిడుదును పట్టుకోవడం కష్టం. ఇక దీపావళి మోతలకు ఉలికిపాటు సహజగుణమైన కుక్క ఎంత నలిగిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేద్దామన్న ఆలోచనతో కొనడం కూడా నాకు సమ్మతం కాదు. అప్పటికి మీ బాబుకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు ఉంటాయి, వాడికి ఊహ తెలిసిన నాటి నుంచీ ఆ కుక్కే తోడుగా ఉండి ఉంటుంది. మీరిద్దరూ కూర్చుని, ఫిన్లండ్‌లో స్థిరపడతారా లేదా అన్నది ముందు తేల్చుకోండి. స్థిరపడే నిర్ణయమైతే, మీ శ్రీమతి కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, మీ పిల్లలకు ఇంతకన్నా మంచి కుక్కను నేను చెప్పలేను.

నిర్ణయం తేలకపోతే పిల్లల ముచ్చట తీరే దారులు మరి రెండున్నాయి. ఇంటి పరిస్థితులు మారి కొత్త యజమాని కోసం చూస్తున్న పెద్ద లాప్‌హుండ్ల వివరాలను ఆ జాతి సంఘం లప్పలయిస్‌కొయిరత్ ద్వారా తెలుసుకోవచ్చు. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన నెమ్మదైన కుక్క, మూడు నాలుగేళ్లకు మించి ఉంటారో లేదో తెలియని కుటుంబానికి పిల్లకుక్క కన్నా ఎంతో నయం. అదీ కాదంటే ఎస్పో చుట్టుపక్కల ఉన్న బ్రీడర్లకు ఒక ఉత్తరం రాయండి: మాకు ఇద్దరు పిల్లలున్నారు, ఇంతకు ముందు కుక్కను పెంచిన అనుభవం లేదు, మీరు ఊరికి వెళ్లినప్పుడు మీ కుక్కను వారం పదిరోజులు మా ఇంట్లో ఉంచుకుంటాము, ఎలా చూసుకోవాలో నేర్పండి అని. నమ్మకమైన ఇల్లు దొరికితే సంతోషించే బ్రీడర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ ఉత్తరంలో మీ శ్రీమతి భయం గురించి కూడా దాచకుండా రాయండి. మొదట ఏ కుక్కను పంపాలో వాళ్లే చూసి ఎంచుతారు.